చిన్న సినిమా – మీ ప్రశ్నలు: టూరిస్టును చూపించకండి, వినిపించండి

ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకీ, ఆ ఊళ్లో ఉండేవాళ్లకీ మధ్య జరిగే రోజువారీ రాపిడి మీద ఎవరైనా షార్ట్ ఫిల్మ్ తీస్తే చూడాలని ఉందని పోయిన నెల ఈ పేజీలో రాశాను. దాంతో ఉత్తరాలు, మెయిళ్లు బాగానే వచ్చాయి. అందులో సగం ఏకంగా స్క్రిప్టులే. అన్నీ చదివాను కానీ అన్నిటికీ ఇక్కడ జవాబు ఇవ్వడం కుదరదు. కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నాను, నాది లొకేషన్ సౌండ్ పని. పుట్టింది లాల్ దర్వాజలో, ఉంటున్నది కృష్ణానగర్‌లో. కథలు రాయడం నాకు రాదు. రాసినవాళ్లు షూటింగ్‌కి వచ్చాక ఎక్కడ ఇరుక్కుంటారో మాత్రం బూమ్ (పొడవాటి కర్ర చివర కట్టిన మైకు) పట్టుకుని పక్కనే నిలబడి చూసినదాన్ని. నా జవాబులు కూడా అక్కడి నుంచే వస్తాయి.

ప్రశ్న: అక్కా, మేం ఘట్‌కేసర్ దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నాం. నలుగురం కలిసి నలభై వేలు పోగేశాం. కథ ఇదీ: చార్మినార్ చూడ్డానికి వచ్చిన ఒక విదేశీ అమ్మాయి బ్యాగు పోతుంది. అందరూ ఒక ఆటో అన్నను అనుమానిస్తారు. చివరికి ఆ అన్నే బ్యాగు వెతికి తెచ్చిస్తాడు. అమ్మాయి ఏడుస్తూ సారీ చెబుతుంది. బడ్జెట్ సరిపోతుందా? కథ ఎలా ఉంది?

జవాబు: తమ్ముడూ, బడ్జెట్ సరిపోదు. మీ స్క్రిప్టులో విదేశీ అమ్మాయి ఉంది, నడిచే ఆటో ఉంది, చార్మినార్ చుట్టూ జనం ఉన్నారు, పోలీస్ స్టేషన్ ఉంది, సాయంత్రం వెలుతురులో ఒక ఛేజ్ కూడా ఉంది. ఒక్కో దానికి ఒక్కో అనుమతి, ఇద్దరు ముగ్గురు అదనపు మనుషులు, వాళ్లందరికీ భోజనాలు. ఛేజ్ దాకా రాకముందే మీ నలభై వేలు అయిపోతాయి.

ఇక కథ. మీ ఆటో అన్న ఎక్కడ ఉంటాడు? స్క్రిప్టు మొత్తం వెతికాను, దొరకలేదు. ఆయనకు ఇల్లు లేదు, కిరాయి లేదు, ఫైనాన్స్ కిస్తీ లేదు, మధ్యాహ్నం ఎక్కడ తిన్నాడో లేదు. మంచివాడని తేలడానికే పుట్టాడు. ఆ అమ్మాయేమో తప్పు తెలుసుకోవడానికి ఫ్లైట్ ఎక్కి వచ్చింది. పాతబస్తీ మీద ఇలాంటి సినిమాలు వస్తూనే ఉంటాయి, వాటికి కాలేజీ ఫెస్టుల్లో ప్రైజులు కూడా వస్తాయి. మా గల్లీ పెద్దమనుషులకు చూపిస్తే ‘మంచిగుంది బేటా’ అని ఫోన్ తిరిగి చేతిలో పెట్టేస్తారు.

నా సలహా, గొడవను ఒకే ఇంట్లో పెట్టండి.

లాడ్ బజార్ చుట్టుపక్కల గల్లీల్లో కాస్త ఓపిగ్గా తిరగండి. టూరిస్టు వల్ల కడుపు నిండేదీ, టూరిస్టు వల్ల నిద్ర చెడేదీ చాలాసార్లు ఒకే కుటుంబానికి. ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి కింద గాజుల దుకాణంలో సేల్స్‌మన్. జనం ఎంత తోసుకుంటే ఆయనకు అంత మంచిది. పై అంతస్తులో కొడుకు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి, తెల్లారాక క్యాబ్ దిగి, ఇంత తిని పడుకుంటాడు. ఆ బజార్లో దుకాణాలు పొద్దున్నే తెరవరు, పదకొండు అవుతుంది. కొడుక్కి గాఢంగా నిద్ర పట్టే వేళకు తండ్రికి బేరాలు మొదలవుతాయి.

ఆ ఇంటి డాబా మీది నుంచి చార్మినార్ నిండుగా కనిపిస్తుంది. ఎవరో జంట వచ్చి ‘అంకుల్, పైనుంచి ఒక్క ఫొటో తీసుకుంటాం’ అంటారు. వెళ్తూ యాభై రూపాయలు చేతిలో పెడతారు. మర్నాడు ఇంకో నలుగురు వస్తారు. వారం తిరిగేసరికి తండ్రి ఒక అట్టముక్క మీద రేటు రాసి మెట్ల దగ్గర వేలాడదీస్తాడు. ఆ మెట్లేమో కొడుకు పడుకునే గది తలుపును ఆనుకుని పైకి పోతాయి. ఇంకేం కావాలి? ఒక గది, ఒక తలుపు, మెట్లు. ఇద్దరు నటులు, తల్లిని కూడా పెట్టుకుంటే ముగ్గురు.

మరి టూరిస్టులు? వాళ్లను చూపించకండి, వినిపించండి. సౌండ్ మనిషిని కాబట్టి ఈ మాట అంటున్నానని నవ్వుకోకండి, దీంట్లో మీకు డబ్బు మిగులుతుంది. తలుపు అవతల చెప్పుల చప్పుడు. ఒకావిడ ఆయాసపడుతూ ‘ఇంకెన్ని మెట్లురా’ అంటుంది. పిల్లాడు నీళ్లు అడుగుతాడు. ఎవరో ఫోన్లో పాట పెట్టి, మధ్యలో ఆపి, మళ్లీ మొదటి నుంచి పెడతారు. మరాఠీలో ఒక మాట, కన్నడంలో ఒక మాట వినిపిస్తాయి. ఇవన్నీ మీ హాస్టల్ మెట్ల మీద ఫ్రెండ్స్‌తో ఒక్క సాయంత్రంలో రికార్డు చేసుకోవచ్చు. ఒక జాగ్రత్త: మైకు తలుపు లోపలి వైపు పెట్టి, తలుపు నిజంగానే మూసి రికార్డు చేయండి. మూసిన తలుపు గొంతులోని పదునును తినేసి బరువును మాత్రమే లోపలికి వదులుతుంది. ఎడిటింగ్‌లో ఎత్తు స్వరాలను కోసి కూడా అలా చేయవచ్చు, కానీ నిజం తలుపు ఇచ్చే నమ్మకం వేరు. గదిలో ఎవరూ మాట్లాడకుండా, ఫ్యాన్ ఆపి ఒక నిమిషం, ఫ్యాన్ వేసి ఒక నిమిషం ఊరికే రికార్డు చేసుకోండి. డైలాగుకూ డైలాగుకూ మధ్య అతుకు కనిపించకుండా చేసేది ఆ ఖాళీ నిమిషాలే. కుర్రాళ్లు దీన్ని మర్చిపోతారు, ఎడిటింగ్ రూములో కూర్చుని నాకు ఫోన్ చేస్తారు.

ముగింపు మీరే రాసుకోండి. అందరికీ ముందుగా తట్టేది మాత్రం వద్దు: ఒకరోజు ఎవరూ రారు, ఆ నిశ్శబ్దానికి కొడుక్కి నిద్ర పట్టదు. దాన్ని ప్రేక్షకుడు మీకంటే ముందే ఊహించేస్తాడు. నాకైతే ఇంకోటి బాగుంటుందనిపిస్తోంది. కొడుకు గొడవపడి అలసిపోయి, తనే ఫోన్లో డాబాకు బుకింగ్ టైమ్‌లు పెట్టిస్తాడు, సాయంత్రం ఐదు తర్వాతే అని. సంపాదన తగ్గలేదు, నిద్రా దక్కింది. ఇప్పుడు తండ్రికి కోపం. మిట్టమధ్యాహ్నం ఎండలో మెట్ల ముందు నిలబడి ‘పైకి పోవచ్చా’ అని అడిగే పల్లెటూరి ముసలాయనకు ఫోన్ లేదు, బుకింగ్ తెలియదు. ఆయన్ని పంపాలా వద్దా? తలుపు లోపల కొడుకు, తలుపు బయట తండ్రి. ఆ ముసలాయన గొంతు కూడా వినిపిస్తే చాలు.

డబ్బు సంగతికి వస్తే, పదివేలకు తగ్గకుండా సౌండ్‌కు కేటాయించండి. కెమెరా ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది, మంచి మైకూ అది పట్టుకోవడం తెలిసిన మనిషీ దొరకరు. ఇల్లు ఇచ్చినవాళ్లకు కిరాయి, కరెంటు బిల్లు ముందే చేతికి ఇవ్వండి, ‘తర్వాత చూద్దాం’ అనకండి. హార్డ్ డిస్కులు రెండు కొనండి, తీసింది రెండింటిలోనూ ఉండాలి. మిగిలిందంతా తిండికి. బిర్యానీ ఒక్క పూట చాలు, మధ్యాహ్నం బిర్యానీ పెడితే యూనిట్ అంతా నాలుగింటికి కునుకు తీస్తుంది.

ప్రశ్న: ఈ ‘టూరిస్టులు వర్సెస్ స్థానికులు’ అన్నది యూరప్ వాళ్ల సమస్య కదా మేడమ్? మన దగ్గర అతిథి దేవుడు. లేని గొడవను సినిమా కోసం సృష్టించడం ఎందుకు? – ఒక లెక్చరర్, హనుమకొండ

జవాబు: సర్, యూరప్ వాళ్లు రోడ్డెక్కారు కాబట్టి మనకు వినిపించింది. 2024 జూలైలో బార్సిలోనా నిరసనకారులు హోటళ్ల ముందు కూర్చున్న టూరిస్టుల మీద బొమ్మ పిస్తోళ్లతో నీళ్లు చల్లారు. అద్దెలు పెరిగి సొంత ఊళ్లో తమకే ఇల్లు దొరకడం లేదన్నది వాళ్ల ప్రధాన బాధ. వెనిస్ పాత నగరంలో 1951లో లక్షా డెబ్బై అయిదు వేల దాకా జనం ఉండేవాళ్లు, ఇప్పుడు యాభై వేలకు తక్కువ. 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర ఐదు యూరోల ప్రవేశ రుసుము తీసుకోవడం మొదలుపెట్టారు.

జపాన్‌లో జరిగింది మాత్రం ఎవరైనా షార్ట్ ఫిల్మ్‌గా తీసి తీరాలి. ఫుజికవగుచికో అనే చిన్న ఊళ్లో ఒక కిరాణా స్టోర్ వెనక ఫుజి పర్వతం అందంగా కనిపిస్తుంది. ఫొటో కోసం జనం రోడ్డు మధ్యలో నిలబడటం, ఎదురుగా ఉన్న పంటి డాక్టర్ దగ్గర బండ్లు అడ్డంగా ఆపడం. చెప్పి చెప్పి విసిగిపోయి 2024 మేలో ఊరివాళ్లు రెండున్నర మీటర్ల ఎత్తున, ఇరవై మీటర్ల పొడవున నల్ల వల కట్టేశారు. కొద్ది రోజుల్లోనే ఆ వలకు ఫోన్ కెమెరా పట్టేంత బొక్కలు పడ్డాయి! చూడండి, కథ మొత్తం ఆ బొక్కల్లోనే ఉంది.

మన దగ్గర లేదంటారా? మద్రాస్ హైకోర్టు చెప్పాక 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ పెట్టారు. హైదరాబాద్ వాళ్లం ఆదివారం అనంతగిరి గుట్టలకు పోయి ఏం వదిలి వస్తున్నామో వికారాబాద్ వాళ్లను అడగండి, సీసా పెంకులు ఏరినవాళ్లు చెబుతారు. ఇక అతిథి దేవుడనే మాట. అది ఇంటికి వచ్చినవాడి గురించి. మీ గడప మీద కాలు పెట్టి, మిమ్మల్ని పలకరించకుండా, మీ గడపతో సెల్ఫీ దిగి వెళ్లిపోయేవాణ్ని ఏమనాలో పెద్దలు చెప్పలేదు.

ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. చార్మినార్ దగ్గర పరిస్థితి వెనిస్ లాంటిది కాదు. ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే, డబ్బున్నవాళ్లు కూడా కారు. పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి జిల్లా నుంచి వస్తారు, రిపోర్టు రేపంటారు, సాయంత్రం పిల్లకు చార్మినార్ చూపించి, డజను గాజులు కొని, ఎంజీబీఎస్‌లో రాత్రి బస్సు ఎక్కుతారు. చార్మినార్ ఎక్కడానికి మనకు టికెట్ ఇరవై ఐదు రూపాయలు, విదేశీయులకు మూడు వందలు. ఆ ఇరవై ఐదు కూడా నలుగురికి లెక్కేసుకుని, కిందే నిలబడి చూసి వెళ్లే కుటుంబాలున్నాయి. మన సినిమాలో ‘టూరిస్టు’ వీళ్లే అయితే ఎవరిని తప్పు పట్టాలో అంత తేలిగ్గా తేలదు.

ప్రశ్న: మేం గోల్కొండ కిలా లోపల ఉంటాం. ఆదివారం వస్తే చాలు, మా గల్లీకి కెమెరాలు పట్టుకుని ఎవరో ఒకరు దిగుతారు. పెచ్చులూడిన మా గోడ చాలా బాగుందట! మా అత్తమ్మ బట్టలు ఆరేస్తుంటే అడగకుండా వీడియో తీశారు. మొన్న షార్ట్ ఫిల్మ్ పిల్లలు మా అరుగు మీద సామాన్లు పెట్టి, మా ఇంట్లో బాత్రూం వాడి, మా అబ్బాయి బండి తీయబోతే ‘ఫ్రేమ్‌లోకి రాకు’ అన్నారు. మీరు ఈ పేజీలో నేర్పేది ఇదేనా? – ఒక గృహిణి, గోల్కొండ

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనది. మీ ఉత్తరాన్ని ఈ పేజీలో పైనే వేయమని ఎడిటర్‌ను అడిగాను, స్థలం కుదరక ఇక్కడికి వచ్చింది.

మీ గోడ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఫొటో తీసేవాళ్లకు అది ఎందుకలా ఉందో తెలియదు. 2010లో పురాతన కట్టడాల చట్టాన్ని సవరించారు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. అది దాటాక ఇంకో రెండు వందల మీటర్ల దాకా ఏది కట్టాలన్నా అనుమతి కావాలి. ఆ గీత లోపల పడిన ఇంట్లో కొడుక్కి పెళ్లైతే పైన ఒక గది వేయడం కుదరదు. కాగితాలు పట్టుకుని తిరిగే ఓపిక లేనివాళ్లు గోడను అలాగే వదిలేస్తారు. కోటను కాపాడటానికి అలాంటి చట్టం ఉండాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ ఆ గోడ ముందు నిలబడి ‘ఎంత రస్టిక్‌గా ఉందో’ అని మురిసిపోయే పిల్లకు, వెనక ఒకే గదిలో ఆరుగురు సర్దుకుంటున్నారని ఎవరైనా చెప్పాలి కదా. సినిమా తీయాలనుకునేవాళ్లు వినండి, మరమ్మతుకు అనుమతి కోసం తిరిగే మనిషి ఒకవైపు, అదే గోడను బ్యాక్‌గ్రౌండ్‌గా అడిగే ప్రీ-వెడ్డింగ్ జంట ఇంకోవైపు. గోల్కొండలో ఇంతకు మించిన కథ ఎక్కడ దొరుకుతుంది?

ఇక షార్ట్ ఫిల్మ్ పిల్లల గురించి. గల్లీకి మనమూ టూరిస్టులమే. కాకపోతే ట్రైపాడ్ ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తాం. నేను పనిచేసే యూనిట్లలో ఒక పద్ధతి పెట్టిస్తాను. షూటింగ్‌కు రెండు రోజుల ముందు కెమెరా లేకుండా వెళ్లి, గల్లీలో పెద్దవాళ్లకు చెప్పాలి. ఏ పూట, ఏ ఇంటి ముందు, ఎంతసేపు అన్నది చెప్పాలి. ఆ టైమ్‌కు పిల్లలను స్కూలుకు దింపేవాళ్లుంటే షాట్ ఆగాలి, బండి కాదు. బాత్రూం ఏర్పాటు లేకపోతే ఆ లొకేషన్ లేనట్టే. యూనిట్లో ఆడపిల్లలున్నప్పుడు మరీ. నీళ్ల క్యాన్లు మనవే. మొహం గుర్తుపట్టేలా కనిపించే ప్రతి మనిషి దగ్గరా అనుమతి కాగితం తీసుకోవాలి, అది తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి, చదివి వినిపించాలి. వద్దన్నవాళ్లను బతిమాలకూడదు.

మీ అబ్బాయిని ‘ఫ్రేమ్‌లోకి రాకు’ అన్న ఆ పిల్లవాడు ఇది చదువుతుంటే, వచ్చే ఆషాఢంలో జగదాంబ అమ్మవారి తొలి బోనం నాడు కిలాకు వెళ్లి అదే మాట ఒకసారి అని చూడమనండి.

ప్రశ్న: అక్కా, మాది పాడేరు దగ్గర. తార్నాకలో హాస్టల్లో ఉండి పీజీ చేస్తున్నాను. వంజంగి మబ్బుల కోసం, లంబసింగి చలి కోసం వచ్చేవాళ్ల వల్ల మా ఊళ్లు ఎలా మారాయో తీయాలని ఉంది. ఊరికి యూనిట్‌ను తీసుకెళ్లే డబ్బు లేదు. ఏం చేయను?

జవాబు: చెల్లీ, తీసుకెళ్లకు. హాస్టల్ గదిలోనే తీయి.

రాత్రి పది గంటలు. రూమ్మేట్లు శీతాకాలం ట్రిప్ ప్లాన్ చేస్తున్నారు. ఒకరి ఫోన్లో రీల్ నడుస్తోంది. మబ్బులు, కాఫీ తోటలు, థింసా నాట్యం చేస్తున్న ఆడవాళ్లు, వాళ్ల మధ్య చేతులు పట్టుకుని అడుగులు తప్పుతున్న టూరిస్టులు. ఆ వరసలో చివరన ఉన్నది నీ మేనత్త. రూమ్మేట్‌కు తెలియదు. ‘వీళ్లెంత ఇన్నోసెంట్‌గా ఉన్నారే’ అంటుంది. నువ్వు ‘ఆవిడ మా అత్త’ అంటావా, అనవా? అంటే ఆ గదిలో నీ చోటు ఏమవుతుంది? అనకపోతే? ఇంకో మాట, ఆ రోజు డ్యాన్సుకు అత్తకు ఎంత ముట్టిందో నీకు తెలుసు, అది ఆమెకు అవసరమని కూడా తెలుసు. కాబట్టి ‘ఆపండి’ అని కూడా అనలేవు. ఇందాక ఘట్‌కేసర్ తమ్ముడికి చెప్పిందే ఇది, అక్కడ ఒక ఇంట్లో, ఇక్కడ నీ ఒక్కదానిలో.

ఫోన్లో కనిపించే రీల్‌ను మాత్రం ఇంటర్నెట్ నుంచి ఎత్తుకోకు, అది ఇంకెవరిదో. నువ్వు ఊరెళ్లినప్పుడు మీవాళ్లను అడిగి, వాళ్లకు నచ్చినట్టే నువ్వే తీయి. 2012లో అండమాన్‌లో జరవా తెగ ఆడవాళ్ల చేత తిండి కోసం డ్యాన్స్ చేయించిన వీడియో బయటపడినప్పుడు దేశమంతా ఛీ కొట్టింది. ఛీ కొడుతూనే ఆ వీడియోను జనం మళ్లీ మళ్లీ చూశారు. నీ సినిమాలో ఆ రీల్ ఎంతసేపు కనిపించాలో నిర్ణయించేటప్పుడు ఇది గుర్తుంచుకో. నాకైతే ఫోన్ వెలుగు నీ మొహం మీద పడుతుంటే, పాట వినిపిస్తుంటే చాలు.

ప్రశ్న: లాడ్ బజార్ గాజుల దుకాణంలో తీశాం. వీడియోలో నల్ల చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. కెమెరా పాడైందా? – డిగ్రీ విద్యార్థి, మలక్‌పేట

జవాబు: కెమెరా బాగానే ఉంది. మన కరెంటు సెకనుకు వంద సార్లు దిశ మార్చుకుంటుంది, దాంతో చవక ఎల్‌ఈడీలు, ట్యూబ్‌లైట్లు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షటర్‌ను సెకనులో యాభయ్యో వంతుకో నూరో వంతుకో పెట్టండి, ఫ్రేమ్ రేటు సెకనుకు ఇరవై ఐదు పెట్టుకుంటే ఇంకా హాయి. ఫోన్‌తో తీస్తుంటే షటర్‌ను చేత్తో మార్చనిచ్చే యాప్ వాడండి. ఆ బజార్లో ఒక్కో దుకాణానికి ఎన్ని లైట్లుంటాయో తెలుసు కదా, గాజుల అద్దాలు వాటిని ఇంకో నాలుగింతలు చేస్తాయి. షాట్ తీసే ముందు ఒక్క నిమిషం టెస్ట్ తీసి పెద్ద స్క్రీన్ మీద చూసుకోండి.

దుకాణంలో మోగే సినిమా పాట ఆపించండి. ఆన్‌లైన్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. అంతకంటే ముందు, రెండు షాట్లు కలిపేటప్పుడు పాట పల్లవి నుంచి చరణంలోకి గెంతుతుంది, డైలాగు ఎంత బాగున్నా అతకదు.

లక్క గాజులు చేసేవాళ్ల దగ్గర తీయాలనుకుంటే దుకాణం ముందు భాగంతో ఆపేయకండి. బొగ్గుల మీద లక్కను మెత్తబరిచి, తీగలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి తగ్గకముందే రాళ్లు ఒక్కొక్కటీ అతికిస్తారు. చల్లారితే రాయి పట్టదు. మీ క్లోజప్ కోసం ‘ఒక్కసారి ఆగండి’ అంటే ఆ గాజు పోయినట్టే, దాని కూలీ మీరివ్వాలి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే ముద్ర) వచ్చాక రీల్స్ తీసేవాళ్లు ఎక్కువయ్యారని ఒక కారీగర్ నాతో అన్నాడు. ‘గాజులు కూడా ఎక్కువ అమ్ముడవుతున్నాయా భాయ్’ అని అడిగితే నవ్వి, మళ్లీ లక్క వైపు తిరిగాడు.

ప్రశ్న: విదేశీ టూరిస్టు పాత్రకు మనిషి ఎక్కడ దొరుకుతారు?

జవాబు: ఉస్మానియా యూనివర్సిటీలో, విదేశీ భాషలు నేర్పే ఇఫ్లూలో చదువుకునే విదేశీ విద్యార్థులను అడిగి చూడండి, నాటకాల్లో ఆసక్తి ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లు ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటారు, మెస్ బిల్లు కడతారు, ఆటో బేరం మీకంటే బాగా ఆడతారు. అలాంటి మనిషిని చార్మినార్ దగ్గర గైడ్ రోజూ కొత్తగా ‘వెల్‌కమ్ టు ఇండియా’ అని ఆపుతుంటే ఎలా ఉంటుంది? పాత్ర కోసం వెళ్లి కథ తెచ్చుకోండి. మీరు వెతికేది తెల్లవాళ్లనే అయితే ఎందుకో ముందు మీరు ఆలోచించుకోండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ కావాలా?

జవాబు: అక్కర్లేదు. థియేటర్లో జనానికి చూపించాలంటే కావాలి.

ప్రశ్న: చార్మినార్ మీద డ్రోన్ షాట్ ఒక్కటి పెట్టాలని మా డైరెక్టర్ పట్టు. అనుమతి ఎవరిస్తారు? మామూలు షాట్లకు కూడా అనుమతి కావాలా? – అసిస్టెంట్ డైరెక్టర్, యూసుఫ్‌గూడ

జవాబు: మీ డైరెక్టర్ చూసిన ప్రతి సినిమాలోనూ ఆ షాట్ ఉంది కాబట్టే ఆయనకూ కావాలి. వదిలేయమని చెప్పండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడదీసి మ్యాపు పెట్టారు. ఎగరేసే ముందు అది చూసుకోవడం మీ బాధ్యత. మన నగరంలో బేగంపేట, హకీంపేట విమాన స్థావరాలు రెండూ ఉన్నాయని మర్చిపోకండి. రెండు వందల యాభై గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్న మాట నిజమే, దాన్ని పట్టుకుని ఎక్కడైనా ఎగరేయొచ్చనుకుంటే స్టేషన్లో కూర్చోబెడతారు. పెళ్లిళ్లవాళ్లు ఎగరేస్తున్నారు కదా అంటారేమో, వాళ్ల దగ్గర కూడా డ్రోన్లు లాక్కున్న రోజులున్నాయి.

నేల మీద విషయానికొస్తే, చార్మినార్, గోల్కొండ రెండూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. టికెట్ కొని లోపలికెళ్లి ఫోన్‌తో ఫొటో తీసుకోవడం వేరు. ట్రైపాడ్, లైట్లు, నటులతో షూటింగ్ అంటే లైసెన్సు కావాలి, మీ బడ్జెట్‌కు ఆ ఫీజు బరువవుతుంది. రోడ్డు మీద తీయాలన్నా లోకల్ పోలీసులకు, ట్రాఫిక్ వాళ్లకు లెటర్ పెట్టుకోవాలి. ప్రభుత్వ స్థలాల అనుమతులకు ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, అంటే ఎఫ్‌డీసీలో ముందే అడగండి. తేలికైన దారి ఎవరిదైనా కిటికీ. అక్కడి నుంచి చార్మినార్ ఒక మినార్ మేరకు కనిపిస్తే చాలు, మిగతా మూడూ ప్రేక్షకుడికి తెలుసు.

ప్రశ్న: చార్మినార్ చుట్టుపక్కల షూటింగ్‌కు ఏ రోజు మంచిది?

జవాబు: శుక్రవారం వద్దు. మక్కా మసీదులో జుమ్మా నమాజుకు వచ్చేవాళ్లకు మీరు అడ్డం, మీ సౌండ్‌కు మైకు అడ్డం. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం మూసే ఉంటాయి, కాబట్టి ఆ రోజు టూరిస్టుల ముచ్చట కూడా వేరేగా ఉంటుంది. ఆదివారం అసలే వద్దు. రంజాన్ నెల రాత్రుళ్లు చూడ్డానికి ఎంత బాగున్నా ట్రైపాడ్‌కు చోటు దొరకదు, ఏడాది సంపాదన ఆ నెలలో చేసుకునే దుకాణదారును డైలాగు చెప్పమని అడగకూడదు కూడా. బాలాపూర్ గణేశుడి ఊరేగింపు, బీబీ కా ఆలం ఊరేగింపు రెండూ ఆ దారినే పోతాయి, క్యాలెండర్ చూసుకోండి. మా లాల్ దర్వాజ బోనాల ఆదివారం, మర్నాడు ఘటాల ఊరేగింపు ఉంటాయి, ఆ రెండు రోజులు నేను కూడా పనికి రాను.

మంగళ, బుధవారాలు పెట్టుకోండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా రోడ్డు ఖాళీ, వెలుతురు మెత్తగా ఉంటుంది, ఇరానీ హోటళ్లు తెరిచే ఉంటాయి కాబట్టి చాయ్, ఉస్మానియా బిస్కెట్‌తో యూనిట్ టిఫిన్ ఖర్చు కూడా తగ్గుతుంది. పదకొండుకు దుకాణాలు తెరిచేలోపు సామాను సర్దేయండి. జనరేటర్ మాత్రం తేవద్దు, ఆ చప్పుడుతో నేను పనిచేయలేను.